ముందు సింక్ కింద చూడండి: మాడ్యులర్ కిచెన్ ఐదేళ్లు వాడాక

కూకట్‌పల్లిలోని మా ఫ్లాట్‌కి మాడ్యులర్ కిచెన్ చేయించి ఐదేళ్లు దాటింది. నల్ల గ్రానైట్ గట్టు, కింద బాక్సులు, పైన అక్రిలిక్ షటర్లు. రెండు పూటలా పోపు పడే వంటిల్లు ఇది. షోరూమ్‌కి వెళ్తే షటర్ల మెరుపు, రంగులే చూపిస్తారు. ఇంట్లోకి వచ్చాక ఏళ్ల తరబడి సతాయించేవి మాత్రం నీళ్లు, నూనె. అందుకే సింక్ దగ్గరే మొదలుపెడతాను.

సింక్ కింద బాక్స్ మూడో వానాకాలానికే పాడైంది. తలుపు తీస్తే తడి గోనెసంచి వాసన. తర్వాత అడుగు పలక మధ్యలో ఉబ్బి, మీద పెట్టిన చెత్తబుట్ట ఒరగడం మొదలైంది. మూల దగ్గర వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. పైనున్న లామినేట్‌కి మాత్రం గీత కూడా పడలేదు. కొటేషన్‌లో ‘వాటర్‌ప్రూఫ్ ప్లై’ అని ఉంది. విప్పి చూస్తే అడుగు పలక, వెనక పలక రెండూ ఎండీఎఫ్, అంటే చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలకలు. చేసిన కంపెనీకి ఫోన్ చేస్తే ‘మేడమ్, లీకేజీకి వారంటీ వర్తించదు’ అన్నారు. సింక్ కింద తడి తగలని వంటిల్లు ఎక్కడైనా ఉంటుందా? నాకిప్పటికీ కోపంగానే ఉంది.

ప్లంబర్ వచ్చి చూస్తే పైపుల్లో ఏ లోపమూ లేదు. గ్రానైట్‌కీ సింక్ అంచుకీ మధ్య సందు మూయడానికి పెట్టిన సిలికాన్ ఒకచోట ఊడి, గట్టు తుడిచినప్పుడల్లా ఆ సందులోంచి కొద్దికొద్దిగా నీళ్లు దిగాయి. సిలికాన్ ఎవరింట్లోనైనా ఎప్పుడో ఒకప్పుడు ఊడేదే. కాబట్టి కింద ఉన్న పలకే తడికి తట్టుకోవాలి. ‘వాటర్‌ప్రూఫ్’ అనే మాటతో సరిపెట్టుకోకుండా కొటేషన్‌లో ఐఎస్ 710 అని నంబరు రాయించుకోండి. అది మెరైన్ ప్లైకి ఉన్న ప్రమాణం, దాని జిగురును 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు. షీటు కోయకముందే దాని మీది ఐఎస్ఐ ముద్ర చూడాలి, ముక్కలయ్యాక ఏ ముక్క ఏదో తెలియదు. అడుగు పలక, వెనక పలక కూడా అదేనా అని విడిగా అడగండి. మమ్మల్ని ముంచింది అక్కడే.

సికింద్రాబాద్‌లో మా అత్తమ్మ వాళ్ల పాత ఇంట్లో సింక్ కింద కడప బండల అరలున్నాయి. నీళ్లు కారినా తుడిస్తే సరి. బరువు ఎక్కువే, డ్రాయర్లు బిగించడమూ కష్టమే, కానీ ఆ ఒక్కచోటికి దాన్ని మించింది నాకు కనబడలేదు.

మా అపార్ట్‌మెంట్‌లో మున్సిపల్ నీళ్లు బోరు నీళ్లతో కలిసి ట్యాంకుకెక్కుతాయి. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం వల్ల కుళాయి మొదట్లో, సింక్ చుట్టూ తెల్లటి పొర గట్టిపడుతుంది. ధార పక్కకి చిమ్ముతుంటే కుళాయి మొన మీది జాలీ విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే చాలు. వెనిగర్‌ని సింక్ పక్కన సిమెంట్ అతుకులకి మాత్రం తగలనివ్వకండి, వాటిని తినేస్తుంది.

చిమ్నీతో నాకు ఫిర్యాదు లేదు. మాది ఆరంగుళాల పైపు, వాష్ ఏరియా గోడలోంచి ఒకే వంపుతో బయటికి పోతుంది. పక్క ఫ్లాట్‌లో అదే మోడల్, పైపు మాత్రం ఫాల్స్ సీలింగ్‌లో మూడు వంపులు తిరుగుతుంది. వాళ్లు ఎండుమిర్చి వేయిస్తే హాల్లో దగ్గు మొదలవుతుంది. చిమ్నీ ఎంచే ముందు పైపు ఏ దారిన పోతుందో తేల్చుకోండి.

డ్రాయర్లకి మంచి రైలు పెట్టించడం ఖర్చుకి తగ్గ పని. స్టీలు పళ్లాల బరువు మోస్తూ ఇప్పటికీ మెత్తగా మూసుకుంటున్నాయి. నూనె సీసాలకి పుల్‌అవుట్ (బయటికి లాగే అర) మాత్రం వద్దు. కారిన నూనె కింది రైలులోకి దిగి జిడ్డు కడుతుంది, తుడవడానికి చెయ్యి పట్టదు.

గట్టు ఎత్తు గురించి ఎవరూ అడగరు. మాకు అందరికీ పెట్టినట్టే 34 అంగుళాలు పెట్టారు. నాకు సరిపోయింది. పొట్టిగా ఉండే అత్తమ్మకి మాత్రం స్టవ్ మీద కుక్కర్ పెడితే భుజాలు ఎత్తి కలపాల్సి వస్తుంది, చపాతీలు ఒత్తితే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ఎక్కువసేపు వండేవాళ్లని నిలబెట్టి, మోచేయి కింద నాలుగు నుంచి ఆరంగుళాలు తగ్గించి గుర్తు పెట్టించండి. గ్రానైట్ పడ్డాక మార్చడం చాలా ఖర్చు.

వానలు మొదలయ్యేలోపు సింక్ బాక్స్ తీసేయించి కడప బండలు పెట్టిస్తున్నాం. షటర్లకి ఏమీ కాలేదు కాబట్టి బండలకి అల్యూమినియం ఫ్రేమ్ బిగించి పాతవే తగిలించమని కార్పెంటర్‌తో మాట్లాడాం. సిలికాన్ మొత్తం గీకి కొత్తది వేసే పని ప్లంబర్‌ది. అది ఆరేవరకు గిన్నెలు వాష్ ఏరియాలోనే.