‘ది డీర్ హంటర్’: పెళ్లి ఘట్టాన్ని దాటవేయకండి

మైకేల్ చిమినో దర్శకత్వంలో 1978లో వచ్చిన ‘ది డీర్ హంటర్’ మూడు గంటల చిత్రం. అందులో దాదాపు గంటసేపు యుద్ధమే ఉండదు. పెన్సిల్వేనియాలోని క్లెయిర్‌టన్ అనే ఊళ్లో ఉక్కు కర్మాగారపు కార్మికుడు స్టీవెన్ పెళ్లి జరుగుతుంటుంది. అతడూ, స్నేహితులు మైకేల్, నిక్‌లూ త్వరలో వియత్నాం వెళ్లవలసినవారు. ఇక్కడ ఓపిక నశించి చిత్రాన్ని ముందుకు జరిపేవారిని చాలామందిని చూశాను. దయచేసి అలా చేయవద్దు.

ఆ పెళ్లిలో ఎవరు ఎవరిని మనసులో దాచుకున్నారో, ఎవరు తాగితే ఎలా మారిపోతారో మనకు తెలిసిపోతుంది. వధువు తెల్లని దుస్తుల మీద ఎవరూ గమనించకుండా పడిన రెండు ఎర్రని మద్యపు చుక్కలు అపశకునమని మన పెద్దలకు ఎవరూ వివరించనక్కరలేదు. యుద్ధం ఎలా ఉంటుందని కుర్రాళ్లు ఉత్సాహంగా అడిగితే, అక్కడ కూర్చున్న సైనికుడి నోటి నుంచి ఒక బూతుమాట తప్ప మరేమీ రాదు. తనకేమైనా అయితే అక్కడే వదిలివేయవద్దని నిక్ ఆ రాత్రే మైకేల్ దగ్గర మాట తీసుకుంటాడు. మిగిలిన కథంతా ఆ మాట బరువే.

కొడుకులను సైన్యానికి పంపిన కుటుంబాలు మన గిద్దలూరు వైపు చాలా ఉన్నాయి. మైకేల్ తిరిగివచ్చే ఘట్టాన్ని వారు తప్పక చూడాలని నా కోరిక. స్వాగతం పలకడానికి ఇంటినిండా మనుషులు ఎదురుచూస్తున్నారని తెలిసి కూడా అతడు టాక్సీని ఆపనివ్వకుండా ముందుకు పోనిచ్చి, ఆ రాత్రి ఒంటరిగా ఒక లాడ్జిలో గడుపుతాడు. సెలవుకు వచ్చిన మనిషి ముభావంగా ఉంటే పొగరనుకునే చుట్టాలకు ఆ కొద్ది నిమిషాలు ఎంతో చెబుతాయి. రాబర్ట్ డి నీరో అక్కడ మాటలతో పనిలేకుండా నటించాడు. నిక్‌గా క్రిస్టఫర్ వాకెన్ చూపులు ఖాళీ అవుతూ పోవడం మరీ కలచివేస్తుంది. చిత్రం పొందిన 5 ఆస్కార్‌లలో అతనిది ఒకటి.

లోపం చిన్నది కాదు. ఖైదీల చేత తుపాకీతో ప్రాణాల జూదం ఆడించినట్లు చూపినదానికి చారిత్రక ఆధారం లేదని అప్పుడే విమర్శలు వచ్చాయి, అవి న్యాయమైనవే. తమ నేల మీదే యుద్ధాన్ని భరించిన వియత్నాం ప్రజలు ఇందులో ఎక్కువగా క్రూరులుగానే కనిపిస్తారు. ఆ ఘట్టాలు భయంకరంగా ఉంటాయి కనుక పిల్లలను దూరంగా ఉంచండి. పెద్దలు మాత్రం ఒకే విడతలో, మొదటి నుంచి చూడండి.