చిలికా డాల్ఫిన్లకు రంభా, బర్కులా, సాతపడా?

ఒడిశాలోని చిలికా సరస్సులో డాల్ఫిన్లను చూడటానికి పడవలెక్కే ఊళ్ళు రంభ, బర్కుల్, సాతపడా. బరంపురం, ఇచ్ఛాపురం వైపు నుంచి వెళ్ళే మనవాళ్ళు చాలామంది దగ్గర కదా అని రంభలో దిగుతారు. పడవెక్కి నాలుగు దిక్కులూ చూసి, డాల్ఫిన్ కనిపించలేదని నిరాశగా తిరిగొస్తారు. చిలికాలో ఇరవాడీ డాల్ఫిన్లు ఎక్కువగా తిరిగేది సరస్సును సముద్రంతో కలిపే కాలువలో, అంటే పూరీ జిల్లా సాతపడా దగ్గర. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తెరిచాక ఉప్పునీరు, దాంతోపాటు చేపలూ లోపలికి రావడం పెరిగింది. చేప ఎక్కడుంటే డాల్ఫిన్ అక్కడ.

రంభ ప్రశాంతంగా ఉంటుంది. ఒడ్డునే ఒడిశా టూరిజం వాళ్ళ హోటలు పాంథనివాస్, వెనక కొండలు. ఊరికే ఒక రాత్రి గడపడానికి మూడింటిలో అదే మేలు. బర్కుల్ సరస్సులోని దీవి మీదున్న కాళీజాయి అమ్మవారి దర్శనానికి అనువు, బాలుగాం స్టేషనుకి దగ్గరే. డాల్ఫిన్ల కోసమైతే మాత్రం సాతపడాలోనే రాత్రి ఉండాలి. అక్కడ గదులు తక్కువ, ముందే బుక్ చేసుకోండి. పూరీలో బస చేస్తే సాతపడాకి 50 కిలోమీటర్ల దూరం, చీకటితోనే బయల్దేరాలి. గంజాం వైపు నుంచి కారులో వచ్చేవాళ్ళు పాలూరు, మాలుద్ మీదుగా జాన్హికుదా చేరి, కారుతో సహా సాతపడాకి ఫెర్రీ ఎక్కొచ్చు. ఆఖరి ఫెర్రీ ఎన్నింటికో ముందే కనుక్కోండి. తప్పిపోతే ఖుర్దా, పూరీ చుట్టు తిరగాల్సిందే.

పడవ మాట్లాడేటప్పుడు ఎన్ని చోట్లు చూపిస్తారని కాదు, ఎన్ని గంటలు తిప్పుతారని అడగండి. ఎర్ర పీతలు, సముద్ర ముఖద్వారం, డాల్ఫిన్లు అన్నీ రెండు గంటల్లో అంటే పడవ పరుగే మిగులుతుంది. లైఫ్ జాకెట్ పట్టీ లాగి, బకిల్ బిగుస్తోందో లేదో చూశాకే ఎక్కండి.

ఈ డాల్ఫిన్ టీవీలో చూసినట్టు గాల్లోకి ఎగరడం అరుదు. ముక్కు పొడుచుకురాని గుండ్రటి బూడిదరంగు నుదురు, 'ఫూ' మని ఒక ఊపిరి, ఆ వెంటనే వీపు మీద చిన్న మొద్దు రెక్క, అంతే, మునిగిపోతుంది. పొద్దున్నే నీళ్ళు అద్దంలా ఉన్నప్పుడే ఇది కంటికి ఆనుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం.

కనిపించగానే కనీసం 50 మీటర్ల దూరంలో ఇంజను ఆపించండి. పక్కనుంచి వెళ్ళాలి, ఎదురుగా అడ్డం పోకూడదు, చుట్టుముట్టకూడదు. అప్పటికే రెండు మూడు పడవలుంటే దూరంగా ఆగండి. పిల్ల కనిపిస్తే వెనక్కి తిరగండి. లోతు తక్కువ నీళ్ళు కావడంతో ఊపిరికి పైకొచ్చే జంతువుకి పడవ ఫ్యాను రెక్క తగిలే ప్రమాదం ఉంది. ఇంజను మోత వాటి శబ్దాలను మింగేస్తుంది. అప్పుడు మునిగి ఎక్కడో దూరాన తేలతాయి. వెంటపడే కొద్దీ మనకే కనిపించవు. ఆగి కూర్చుంటే, కాసేపటికి వాటంతట అవే తేలతాయి. "ఇంకా దగ్గరికి పోనీ, ఎక్కువిస్తాం" అనే మన మాటే సరంగుని తొందరపెడుతుంది. ఇంజను ఆపితే ఎక్కువిస్తామని ఎక్కేముందే చెప్పండి, పడవ నడిచే తీరే మారుతుంది. ఇక్కడున్నవి సుమారు 150. గర్భం దాదాపు 14 నెలలు, ఈతకు ఒక్కటే పిల్ల. ఒక్కటి పోయినా ఆ లోటు పూడటానికి ఏళ్ళు పడుతుంది.

ఇసుక దిబ్బల మీద ఆల్చిప్పలు పగలగొట్టి ముత్యాలు, రాళ్ళు తీసి చూపిస్తారు. కొనకండి, అది మోసం. ఎర్ర పీతల బొరియలు తవ్వించకండి. చిప్స్ ప్యాకెట్లు గాలికి ఎగిరి నీళ్ళలో పడతాయి, సంచిలోంచి తీయకపోవడమే మంచిది.

మధ్యాహ్నం గాలి లేస్తే అలల్లో డాల్ఫిన్ రెక్క కనిపించదు, పడవా ఊగుతుంది. సరంగు వద్దంటే బలవంతపెట్టకుండా మర్నాటి పొద్దుటికి మాట్లాడుకోండి.