తవ్వకంలో దొరికిన ఎముక: ల్యాబ్‌కి పంపాలా, సందర్భం చదవాలా?

చేతిలో ఉన్న నిధులు ఒక్కదానికే సరిపోతాయనుకుందాం. దేనికి పెట్టాలి?

ఖర్చు: ల్యాబ్‌లో ప్రతి శాంపిల్‌కీ డబ్బు కట్టాలి. పాత రాతలు, సమాధి ఆచారాలు చదవడానికి డబ్బు తక్కువే, ఏళ్లు పడుతుంది.

రిస్క్: కార్బన్ డేటింగ్‌కి (ఎముకలో మిగిలిన కార్బన్‌ని బట్టి వయసు లెక్కగట్టే పరీక్ష) ముక్క కోయాల్సిందే, అది తిరిగి రాదు. సుమారు 50,000 ఏళ్లు దాటితే ఆ పద్ధతి పనిచేయదు కూడా. చదివితే వస్తువుకి ఏమీ కాదు కానీ, మన ఊహలే సాక్ష్యాలుగా చెలామణీ అయిపోతాయి.

స్వీడన్‌లోని వైకింగుల కాలపు పట్నం బిర్కాలో 1878లో తవ్విన సమాధినే చూడండి. కత్తి, గొడ్డలి, బాణాలు, రెండు గుర్రాలు. ఇంకేముంది, మగ యోధుడే అనేసుకున్నారు! 2017లో డీఎన్ఏ పరీక్ష స్త్రీ అని తేల్చింది. సరే, ఆమె నిజంగా యుద్ధం చేసిందా, హోదా కోసం ఆయుధాలు పక్కన పెట్టారా? ఇక్కడ డీఎన్ఏ చేతులెత్తేస్తుంది. మిగతా సమాధులతో పోల్చి, ఆనాటి సమాజాన్ని అర్థం చేసుకుని వాదించాల్సిందే.

కాలం, లింగం, తిండి, వలస తెలియాలంటే ల్యాబే మేలు. ఎందుకలా పాతిపెట్టారన్నది ప్రశ్నయితే చదువుకే ఓటు. మట్టి పొరలు చెదిరిన చోట మాత్రం ముందు తవ్వకం నోట్సు తిరగేయండి. లేకపోతే తేదీ వచ్చినా, అది దేని తేదీయో తేలదు.