ప్రోక్రియేట్‌తో క్లయింటు పని: ఎక్కడి దాకా నమ్మొచ్చు

ఐప్యాడ్ మీద బొమ్మలేసే వాళ్లకు ప్రోక్రియేట్‌ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. ఆస్ట్రేలియాలో టాస్మానియాకు చెందిన సావేజ్ ఇంటరాక్టివ్ అనే కంపెనీ 2011లో తెచ్చిన యాప్ ఇది. ఒకసారి కొంటే చాలు, నెలనెలా కట్టే గోల లేదు. సరదాకి గీసుకునే వాళ్లయితే ఇక్కడితో చదవడం ఆపేసి కొనుక్కోవచ్చు. ఈ రివ్యూ పుస్తకాల అట్టలు, పోస్టర్లు, ప్యాకింగ్ బొమ్మలు వేసి డబ్బు తీసుకునే ఫ్రీలాన్సర్ల కోసం. వాళ్ల బొమ్మ ఐప్యాడ్‌లోనే ఉండిపోదు. ప్రెస్‌కి వెళ్తుంది, లేదా పేజీలు కట్టే డిజైనర్ చేతికి వెళ్తుంది. గీసే వరకు ఈ యాప్‌కి వంక పెట్టడం కష్టం. పేచీ అంతా గీసింది చేతులు మారే దగ్గరే.

ముందు మంచి సంగతులు. తెర మీద మెనూలు దాదాపు కనపడవు, పనంతా వేళ్లతోనే. రెండు వేళ్లతో తడితే అన్‌డూ, మూడు వేళ్లతో తడితే రీడూ, నాలుగు వేళ్లతో తడితే బొమ్మ తప్ప అన్నీ మాయం. వారం తిరిగేసరికి చేతికి అలవాటైపోతుంది. ఒక్కటే జాగ్రత్త: రెండు వేళ్లు అలాగే నొక్కి ఉంచితే అన్‌డూ వరసగా పరిగెడుతుంది, అరచెయ్యి ఆనించి ఆలోచించే అలవాటున్న వాళ్లకి పది గీతలు పోయాక గానీ తెలియదు.

గీత గీసి ఆపిల్ పెన్సిల్ ఎత్తకుండా ఆపితే క్విక్‌షేప్ దాన్ని సరళరేఖగానో, వృత్తంగానో సరిచేస్తుంది. స్ట్రీమ్‌లైన్ అనే సెట్టింగ్ వణుకు తగ్గిస్తుంది, అది ఒక్కో బ్రష్‌కి విడిగా ఉంటుంది. ఇంకింగ్‌కి (స్కెచ్ మీద తుది గీతలు వేయడానికి) 30 నుంచి 40 శాతం చాలు. 80 దాటిస్తే గీత చేతి వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది, పదునుగా రావాల్సిన మూలలు గుండ్రంగా తేలతాయి. అక్షరాలు రాసే వాళ్లకి అది వరం, జుట్టూ గడ్డీ గీసే వాళ్లకి శాపం. అందుకే ఒకే బ్రష్‌ని రెండు నకళ్లు చేసి, ఒకదానికి స్ట్రీమ్‌లైన్ ఎక్కువ, ఒకదానికి సున్నా పెట్టుకోవడం మేలు.

రంగులు నింపడంలో ఈ యాప్ మిగిల్చే సమయం తక్కువేం కాదు. గీతలున్న లేయర్ (పొర) మీద తట్టి దాన్ని రిఫరెన్స్‌గా, అంటే రంగుకి హద్దుగా పెట్టాలి, దాని కింద కొత్త లేయర్ తెరవాలి, పైన మూలనున్న రంగు చుక్కని లాక్కొచ్చి గీతల మధ్య వదలాలి. వదలకుండా వేలు అలాగే ఉంచి కుడికీ ఎడమకీ జరిపితే థ్రెషోల్డ్ (రంగు ఎంతవరకు పారాలో చెప్పే హద్దు) మారుతుంది. తక్కువైతే గీతని ఆనుకుని తెల్లటి అంచు మిగులుతుంది. గీత అంచులో సగం పారదర్శకంగా ఉండే పిక్సెళ్ల దగ్గర రంగు ఆగిపోవడమే కారణం. ఎక్కువైతే రంగు గీత దాటి కాన్వాసంతా పారుతుంది. ఒకసారి పెట్టిన థ్రెషోల్డ్ తర్వాతి నింపుడుకీ అలాగే ఉంటుంది కాబట్టి, ఉన్నట్టుండి అంతా వరదైపోతే ముందు చూడాల్సింది దాన్నే. పెన్సిల్ గరుకున్న బ్రష్‌తో వేసిన గీతలకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, వాటి నిండా సందులే. అక్కడ ఆకారాన్ని సెలెక్షన్‌తో కత్తిరించుకుని నింపుకోవాలి.

నీడలకి ఆల్ఫా లాక్ (లేయర్‌లో రంగున్న చోటే బ్రష్ పడేలా వేసే తాళం) వాడాలా, క్లిప్పింగ్ మాస్క్ (కింది లేయర్ ఆకారం మేరకే కనిపించే విడి లేయర్) వాడాలా అన్నది క్లయింటు పనిలో అభిరుచి ప్రశ్న కాదు. ఆల్ఫా లాక్ పెట్టి వేసిన నీడ అసలు రంగులో కలిసిపోతుంది. ‘చొక్కా నీలం బదులు పచ్చ చేయండి’ అని మూడో రివిజన్‌లో కబురొచ్చిన రోజున అదంతా మళ్లీ వేయాలి. క్లిప్పింగ్ మాస్క్ అయితే కింది రంగు మార్చి ఊరుకోవచ్చు. కాకపోతే ప్రతి మాస్కూ ఒక లేయర్‌ని తింటుంది. లేయర్లు ఇక్కడ లెక్కపెట్టి ఖర్చు చేసుకోవాల్సిన సరుకు.

ఎందుకంటే లేయర్ల సంఖ్య కాన్వాస్ సైజు, ఐప్యాడ్ ర్యామ్ కలిసి నిర్ణయిస్తాయి. ఎ4 సైజు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 2480 × 3508 పిక్సెళ్లు. పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున ఒక నిండు లేయర్ సుమారు 35 ఎంబీ. ఎ3 అయితే 3508 × 4961, లేయర్‌కి దాదాపు 70 ఎంబీ. కాగితం ఒక మెట్టు పెరిగితే లేయర్లు సగానికి పడతాయి. కొత్త కాన్వాస్ కొలతలు ఇచ్చేటప్పుడే ఎన్ని లేయర్లు వస్తాయో యాప్ చూపిస్తుంది. ఆ అంకె చూడకుండా ముందుకెళ్తే పని సగంలో ఉండగా ‘ఇక లేయర్లు లేవు’ అన్న చావు కబురు చల్లగా వస్తుంది. అప్పుడు లేయర్లు కలిపేయడం తప్ప దారి ఉండదు, కలిపేస్తే రివిజన్లకి దారి ఉండదు. ఎం1, ఎం2 చిప్‌ల ఐప్యాడ్ ప్రోల్లో 1 టీబీ, 2 టీబీ మోడళ్లకి 16 జీబీ ర్యామ్ ఉంది, అంతకంటే తక్కువ స్టోరేజీ వాటికి 8 జీబీ. పోస్టర్ల పని ఎక్కువగా చేసే వాళ్లకి ఆ తేడా చేతికి తెలుస్తుంది.

కాన్వాస్ తెరిచేటప్పుడే బ్లీడ్ (కాగితం కోతలో పోయే అదనపు అంచు) కూడా కలిపేసుకోవాలి, ఎందుకంటే యాప్‌లో బ్లీడ్ అనే మాటే లేదు. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు కలిపితే ఎ4 కాస్తా 216 × 303 మిల్లీమీటర్లవుతుంది, 300 డీపీఐ దగ్గర 2551 × 3579 పిక్సెళ్లు. పై లేయర్‌లో కోత గీతలు గీసి, దాన్ని లాక్ చేసి పెట్టుకోండి. ఎగుమతి ముందు దాన్ని దాచడం మర్చిపోతే ఆ గీతలు ప్రింటులోనూ పడతాయి.

బొమ్మ మొత్తం పిక్సెళ్లే, వెక్టర్ (ఎంత పెద్దది చేసినా చెదరని గీతల పద్ధతి) లేదు. కాబట్టి లోగో ఇందులో పూర్తి చేయకూడదు. స్కెచ్ వేసి, వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ గీసుకోవాలి. ‘300 డీపీఐ చేసి పంపండి’ అని అడిగే క్లయింట్లతోనూ ఇదే చిక్కు. 1000 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మకి 300 అని చీటీ అంటించినా కాగితం మీద అది ఎనిమిదిన్నర సెంటీమీటర్లే. అడగాల్సింది డీపీఐ కాదు, అచ్చు పడే కొలత ఎంత అని.

జరపడం, తిప్పడం, చిన్నది చేయడం కూడా పిక్సెళ్లని అరగదీస్తాయి. ఈ పనులు చేసే ట్రాన్స్‌ఫామ్ టూల్‌ని మూసిన ప్రతిసారీ యాప్ పిక్సెళ్లని మళ్లీ లెక్కకడుతుంది. ఐదుసార్లు విడివిడిగా తిప్పిన ముఖం మసకగా తేలేది అందుకే. తిప్పడం, సైజు మార్చడం రెండూ ట్రాన్స్‌ఫామ్ మూయకుండా ఒకే విడతలో కానివ్వాలి. ఆ లెక్కకట్టే పద్ధతిగా మామూలు బొమ్మలకి బైక్యూబిక్ పెట్టుకోండి, నియరెస్ట్ నైబర్ పిక్సెల్ ఆర్ట్‌కి మాత్రమే. క్లయింటు ‘కొంచెం ఎడమకి, ఇంకొంచెం, కాదు మొదటి చోటే బాగుంది’ అనే రకమైతే లేయర్ నకలొకటి దాచి, ప్రతిసారీ అందులోంచే మొదలుపెట్టడం క్షేమం.

ఇక రంగులు. ఐప్యాడ్ తెర డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధి చూపగలదు, స్క్రీన్ సైజు పేరుతో దొరికే రెడీమేడ్ కాన్వాస్ కూడా అదే ప్రొఫైల్‌తో తెరుచుకుంటుంది. ఆ నియాన్ ఆకుపచ్చలూ మెరిసే నీలాలూ నాలుగు సిరాలతో కాగితం మీదికి రావు. సీఎమ్‌వైకే (అచ్చు వాడే నాలుగు సిరాల పద్ధతి) కాన్వాస్ తెరిచే సౌకర్యం ఉంది, ప్రెస్ వాళ్లిచ్చిన ఐసీసీ ప్రొఫైల్‌ని (రంగులు ఎలా పడాలో చెప్పే ఫైలు) దించుకునే సౌకర్యమూ ఉంది. కానీ ఆర్‌జీబీ (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పద్ధతి), సీఎమ్‌వైకే మధ్య ఎంపిక కాన్వాస్ పుట్టినప్పుడే జరిగిపోవాలి, తర్వాత మార్చడం కుదరదు. సాఫ్ట్ ప్రూఫ్ (అచ్చులో రంగులు ఎలా పడతాయో తెర మీదే చూపే సౌకర్యం) లేదు.

మా సలహా: బొమ్మ ఎస్‌ఆర్‌జీబీలో (వెబ్‌లో మామూలుగా వాడే ఆర్‌జీబీ పరిధి) వేయండి, సీఎమ్‌వైకేలోకి మార్చే పని కంప్యూటర్‌లో ప్రెస్ ప్రొఫైల్‌తో చేయండి. అదే బొమ్మ రేపు వెబ్‌కీ కావాలంటారు, అప్పుడు సీఎమ్‌వైకేలో చచ్చిన రంగుని లేపలేరు. మధ్యలో ఒక అంచనా కావాలంటే, అదే కొలతలతో సీఎమ్‌వైకే కాన్వాస్ ఒకటి తెరిచి, లేయర్లన్నీ కలిపిన నకలుని అందులో అతికించి చూడండి. ఏ రంగు ఎంత వాడిపోతుందో సుమారుగా తెలుస్తుంది. అది కూడా తెర వెలుగు తగ్గించి చూడాలి. పూర్తి వెలుగులో వేసిన రాత్రి దృశ్యాలు అచ్చులో బొగ్గుకుప్పలవుతాయి.

నలుపుకి ఇంకో తలనొప్పి ఉంది. ఆర్‌జీబీ నలుపు మార్చినప్పుడు నాలుగు సిరాలుగా విడిపోతుంది. ప్రెస్‌లో ప్లేట్లు వెంట్రుకవాసి జరిగితే సన్న గీతల చుట్టూ రంగు నీడలు కనిపిస్తాయి. గీతలే ప్రధానమైన బొమ్మలకి నల్ల గీతల లేయర్‌ని విడిగా గ్రేస్కేల్ ఫైలుగా తీసి, పేజీ లేఅవుట్‌లో ఒక్క నలుపు సిరాతో, కింది రంగుల మీద ఓవర్‌ప్రింట్‌గా (కింది రంగుని తొలగించకుండా దాని మీదే అచ్చు పడేలా) పెట్టించాలి. అట్ట మీది అక్షరాలు కూడా లేఅవుట్‌లోనే. ప్రోక్రియేట్‌లో టెక్స్ట్ టూల్ ఉంది, బొమ్మతో అక్షరాలు ఎలా కుదురుతాయో క్లయింటుకి చూపించడానికి సరిపోతుంది. అంతకుమించి ఆశించొద్దు. ఇందులోంచి తీసిన పీడీఎఫ్‌లో ఆ అక్షరాలూ పిక్సెళ్లే, కోత గుర్తులూ రావు. ‘పీడీఎఫ్ ఇచ్చాం కదా’ అని ప్రెస్‌తో వాదించే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

చేతులు మార్చడానికి పీఎస్‌డీయే (ఫోటోషాప్ ఫైలు) దారి. లేయర్లు, గ్రూపులు, క్లిప్పింగ్ మాస్కులు, బ్లెండ్ మోడ్‌లు (లేయర్ల రంగులు ఒకదానితో ఒకటి కలిసే తీర్లు) ఫోటోషాప్ దాకా చక్కగానే వెళ్తాయి. లేయర్లకి పేర్లు పెట్టకుండా ‘లేయర్ 47’ అని పంపితే అందుకున్న డిజైనర్ ఏమనుకుంటారో ఇక్కడ రాయలేం.

యాప్‌లో అన్నిటికన్నా పెద్ద లోటు అడ్జస్ట్‌మెంట్ లేయర్లు (అసలు బొమ్మని ముట్టకుండా రంగులు సవరించే లేయర్లు) లేకపోవడం. హ్యూ, కర్వ్స్, కలర్ బ్యాలెన్స్ అన్నీ ఉన్నాయి, కానీ ఒకసారి వేశాక వెనక్కి తిప్పి సవరించలేం. అన్‌డూ 250 మెట్లు వెనక్కి వెళ్తుంది, నిజమే. కానీ గ్యాలరీలోకి (ఫైళ్లన్నీ కనిపించే చోటికి) వెళ్లిన క్షణాన ఆ చరిత్రంతా తుడిచిపెట్టుకుపోతుంది. దీనికి విరుగుడు మోటుదే: స్కెచ్ ఒప్పుకున్నాక ఒక నకలు, ఫ్లాట్ (నీడలు లేని) రంగులయ్యాక ఒకటి, రివిజన్‌కి ఒకటి చొప్పున ఫైళ్లు తీసి గ్యాలరీలో ఒకే స్టాక్‌లో (కట్టలో) పెట్టడం. రంగు సవరణల కోసం మాత్రం ఓవర్‌లే లేదా మల్టిప్లై మోడ్‌లో ఒక నిండు రంగు లేయర్ పైన పరిచి దాని ఒపాసిటీ (గాఢత) తగ్గించుకుంటే చాలాసార్లు గడిచిపోతుంది, అక్కర్లేనప్పుడు తీసేయొచ్చు.

టైమ్‌ల్యాప్స్ రికార్డింగ్‌ని (బొమ్మ గీసిన క్రమాన్ని వేగంగా చూపే వీడియో) చాలామంది ఆటవస్తువులా చూస్తారు గానీ, బొమ్మ చేత్తోనే వేశారా అని క్లయింట్లు నిలదీసే రోజుల్లో అది రుజువు కూడా. (జనరేటివ్ ఏఐని తమ యాప్‌లో పెట్టబోమని ఈ కంపెనీ 2024 ఆగస్టులో బహిరంగంగానే ప్రకటించింది.) రికార్డింగ్ నాణ్యత కాన్వాస్ తెరిచేటప్పుడే ఎంచుకోవాలి. 4కే లాస్‌లెస్ పెడితే ఫైలు ఉబ్బిపోతుంది, మామూలు పనికి 1080పీ చాలు. ఇంకా విడుదల కాని ప్యాకింగ్ ఫోటోలాంటివి రిఫరెన్స్‌కి తెచ్చుకుంటే ‘ఇన్సర్ట్ ఎ ఫోటో’ని ఎడమకి జరిపి ప్రైవేట్‌గా పెట్టండి, ఆ లేయర్ వీడియోలో కనిపించదు. ఇది తెలియక వీడియో బయటపెట్టడం కొరివితో తల గోక్కోవడమే.

పనులన్నీ యాప్ కడుపులోనే ఉంటాయి, తనంతట తాను క్లౌడ్‌లోకి పంపే ఏర్పాటు లేదు. యాప్ డిలీట్ చేస్తే గ్యాలరీ మొత్తం పోతుంది. స్టోరేజీ నిండిందని కంగారులో యాప్ తీసేసి మళ్లీ వేసుకున్న వాళ్లకి మిగిలేది ఖాళీ గ్యాలరీయే. ఐక్లౌడ్ డివైస్ బ్యాకప్‌లో ఇవి చేరతాయి గానీ, అందులోంచి ఒక్క ఫైలుని ఏరి తెచ్చుకోలేం. వారానికోసారి ప్రోక్రియేట్ ఫార్మాట్‌లోనే బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి, పీఎస్‌డీ ఒక్కటే దాచుకుంటే టైమ్‌ల్యాప్స్ రాదు. సొంతంగా తయారుచేసుకున్న బ్రష్‌లు వేరే, వాటినీ సెట్‌గా ఎగుమతి చేసి పెట్టుకోండి.

కాగితంలా గరుకుండే ఫిల్మ్ అతికించాలా అని అడిగే వాళ్లకి: సన్నని ఇంకింగ్ ఎక్కువైతే అతికించండి, పెన్సిల్ జారదు. రంగుల పని ఎక్కువైతే వద్దు. ఫిల్మ్ తెర మీద గింజల్లాంటి మెరుపు తెస్తుంది, రంగు అంచనా తప్పుతుంది, పెన్సిల్ మొన కూడా త్వరగా అరుగుతుంది. అరిగిన మొన లోపలి లోహం బయటపడే దాకా వాడితే తెర మీదే గీతలు పడతాయి. గీత ఉన్నట్టుండి లావుగానో పలచగానో పడుతుంటే మాత్రం బ్రష్‌ని తిట్టే ముందు ప్రిఫరెన్సెస్‌లో ప్రెషర్ కర్వ్ (పెన్సిల్ నొక్కుడుకి గీత ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగ్) చూడండి. పొరపాటున మారి ఉంటే, అన్ని బ్రష్‌ల మీదా దాని ప్రభావం ఉంటుంది.

మొత్తానికి కొనొచ్చా? ఇలస్ట్రేషన్ ప్రధానమైన పనికి కొనొచ్చు, పక్కన కంప్యూటర్‌లో పేజీ లేఅవుట్, రంగుల మార్పిడి చేయగల సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటేనే. లోగోలు, అక్షరాల డిజైన్, బ్రోచర్లు మీ పనిలో సగానికి మించి ఉంటే ముందు వెక్టర్ సాఫ్ట్‌వేర్ కొనుక్కుని, దీన్ని స్కెచ్ పుస్తకంలా తర్వాత తెచ్చుకోండి.