యుద్ధాలకు మూలం మతమా, మన్నూ పెత్తనమా: ఏ వివరణ మేలు?

మతాలు లేకపోతే యుద్ధాలే ఉండేవి కావని గట్టిగా నమ్మేవారు మనలో ఎందరో ఉన్నారు. మతానికీ యుద్ధానికీ సంబంధమే లేదని, రాజులూ నాయకులూ తమ ఆశలకు దాన్ని ముసుగుగా కప్పుకుంటారని అంతే గట్టిగా వాదించేవారూ ఉన్నారు. ఈ రెండింటిలో జరిగిన చరిత్రకు ఏది దగ్గరగా ఉంది, రేపు మన వాడలో గొడవ వస్తే దాన్ని ఆపడానికి ఏది పనికొస్తుంది అన్న ప్రశ్నను వరంగల్ కోటను ఎదురుగా పెట్టుకుని తూచదలిచాను. రెండు పక్షాలకూ కావలసిన సాక్ష్యం అక్కడే ఉంది.

కోట నడుమ నాలుగు కీర్తితోరణాలు నిలబడి ఉన్నాయి గాని, అవి ఏ గుడికి ద్వారాలో ఆ స్వయంభూ శివాలయం ఇప్పుడు లేదు. చెక్కడపు పని చేసిన స్తంభాల ముక్కలు, చూరురాళ్లు, తల లేని నందులు పచ్చికలో వరుసగా పడి ఉంటాయి. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ సైన్యం ఓరుగల్లును పట్టుకున్న తరువాతి విధ్వంసం అది. ఆ రాళ్ల మధ్య నిలబడిన మనిషికి మొదటి వివరణే నిజమనిపించడంలో వింతేమీ లేదు. చిన్నప్పుడు బడి నుంచి మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లినప్పుడు నాకూ అలాగే అనిపించింది, చాలా ఏళ్ల దాకా ఆ అభిప్రాయం మారలేదు.

అయితే 1323ను ఒక్కదాన్నే విడదీసి చూడడం న్యాయం కాదు. అంతకు పదమూడేళ్ల ముందే, 1310లో, ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ఇదే కోటను ముట్టడించాడు. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఏనుగులనూ గుర్రాలనూ అపారమైన ధనాన్నీ ఇచ్చి, ఏటా ఢిల్లీకి కప్పం కడతానని ఒప్పుకున్నాడు. అతని సింహాసనమూ నిలిచింది, స్వయంభూ దేవుడి గుడీ నిలిచింది. ఆ కప్పం సరిగా అందక 1318లో మరో ఢిల్లీ సేనాని ఖుస్రో ఖాన్ సైన్యంతో వచ్చి వసూలు చేసుకుని వెళ్లాడు. కప్పం పూర్తిగా ఆగిన తరువాతే రాజ్యాన్ని ఊడ్చేయడానికి ఉలుగ్ ఖాన్ వచ్చాడు. గుడిని కూల్చడమే ఢిల్లీ మొదటి ఉద్దేశమైతే, చేతికి చిక్కిన 1310లోనే ఆ పని చేసి ఉండేది. స్వయంభూ శివుడు కాకతీయ రాజ్యానికి దేవుడు, ఆ గుడి వారి ఏలుబడికి గుర్తు. రాజ్యాన్ని తుడిచేయాలనుకున్నవాడికి ఆ గుర్తు కళ్లలో పడింది. ఇది రెండో వివరణకు బలమైన సాక్ష్యం.

కాకతీయుల సొంత యుద్ధాలు కూడా ఇదే మాట చెబుతాయి. శివుణ్ణి కొలిచిన మహాదేవుడు దేవగిరి యాదవుల మీదికి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నాడు, అతని కొడుకు గణపతిదేవుడు ఆ యాదవుల చెరలో పడ్డాడు. రుద్రమదేవి ప్రాణం తీసింది కూడా పరమతస్థులు కారు. తన సామంతుడే అయిన కాయస్థ అంబదేవుడి తిరుగుబాటును అణచే యుద్ధంలో ఆమె మరణించిందని 1289 నాటి చందుపట్ల శాసనం ఆధారంగా చరిత్రకారులు చెబుతారు. ఇక ఢిల్లీ అధికారిని తరిమి ఓరుగల్లును తిరిగి నిలబెట్టిన ముసునూరి కాపయ నాయకుడి జీవితాన్ని చూడండి. ఢిల్లీ మీద తిరగబడిన హసన్ గంగూకు అతడు సాయపడ్డాడు. ఆ హసన్ స్థాపించిన బహమనీ రాజ్యానికే తరువాత కౌలాస్‌ను, గోల్కొండను, ఆ రెండు కోటలనూ వదులుకున్నాడు. చివరికి తోటి తెలుగు రాజులైన రేచర్ల వెలమల చేతిలో హతమయ్యాడు. అతని స్నేహాలనూ పగలనూ మతం పేరుతో విడదీయబోతే ఒక్క లెక్కా కుదరదు.

కోటలోనే ఇంకో సాక్షి ఉన్నాడు. 1500 ప్రాంతంలో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ అసలు పేరు సీతాపతి. బహమనీల కొలువులో ఎదిగి ఆ బిరుదు పొందినవాడు, కోటను చేజిక్కించుకున్నాక పాంచాలరాయ స్వామిని తిరిగి ప్రతిష్ఠించాడని అతని శాసనమే చెబుతోంది. తోరణాలకు కొద్ది దూరంలో ఉన్న ఖుష్ మహల్‌ను జనం ఇవాళ్టికీ షితాబ్ ఖాన్ మహల్ అంటారు.

మన నేలను దాటి చూసినా ఎక్కువ యుద్ధాలు ఈ పక్షానికే సాక్ష్యం చెబుతాయి. ఐరోపాలో 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్పై ఏళ్ల యుద్ధం కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య మొదలైందని చదువుకున్నాం, అది నిజమే. కానీ కాథలిక్ మతగురువే అయిన కార్డినల్ రిషెల్యూ నడిపిన ఫ్రాన్స్, కాథలిక్ హాబ్స్‌బర్గుల బలం తగ్గించడానికి ప్రొటెస్టెంట్ స్వీడన్ పక్షాన చేరింది. 1971లో ఒకే మతం పాకిస్తాన్ రెండు భాగాలను కలిపి ఉంచలేకపోయింది. 1980 నుంచి 1988 దాకా పోరాడిన ఇరాన్, ఇరాక్ రెండూ ముస్లిం దేశాలే. 1914 నాటి మహాయుద్ధానికి మతంతో పనే లేకపోయింది.

ఇంత చెప్పాక రెండో వివరణే పూర్తి నిజమని తేల్చేయవచ్చు గాని, నా మనసు ఒప్పుకోదు. అది రాజుల లెక్కలను బాగా విప్పి చూపిస్తుంది, వారి వెంట నడిచిన మామూలు మనిషిని మాత్రం వదిలేస్తుంది. 1095లో పోప్ పిలుపు విని పొలాలు వదిలి జెరూసలేం వైపు కాలినడకన బయలుదేరిన రైతుకు అక్కడ జాగీరు దొరుకుతుందన్న ఆశ లేదు. పాపం పోతుందన్న నమ్మకమే అతణ్ణి నడిపించింది. 1947లో పంజాబ్‌లో నిన్నటిదాకా పక్కింట్లో ఉన్నవాణ్ణి చంపినవాడు, అధికారం ఎవరికి దక్కాలన్న చర్చలో కూర్చున్నవాడు కాడు. పేరు విని, దేవుడెవరో తెలుసుకుని చంపాడు. ఇక్కడ మతాన్ని ముసుగు అనడం చచ్చిపోయినవారికి అన్యాయం చేయడమే అవుతుంది.

మన తెలంగాణ సొంత గాయం కూడా ఈ రెండింటినీ కలిపే చూపిస్తుంది. జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీని 1940 ప్రాంతంలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు చంపారు. కారణం భూమి తగాదా. 1946 జూలై 4న కడవెండిలో అదే దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు. నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళం రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ప్రాణం పోయింది. ఆ రైతు పోరాటానికి మొదట మతపు సరిహద్దు లేదు. కానీ రజాకార్లు మతం పేరుతో గుంపులు కట్టి ఊళ్లమీద పడ్డారు, 1948 సెప్టెంబరులో భారత సైనిక చర్య తరువాత ఆ పగ ఏ పాపమూ ఎరుగని ముస్లిం కుటుంబాల మీద తీరింది. ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ సంఘం, ఆ మృతుల సంఖ్య 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటుందని, ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయని అంచనా వేసింది. ఈ సంఖ్యను మనం చాలా తక్కువగా తలుచుకుంటాం, అది నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. పెత్తనం కోసం మొదలైన పోరు పెత్తందారుల దగ్గర ఆగకుండా దర్జీ ఇంటికీ, టాంగా తోలేవాడి ఇంటికీ చేరింది మతం దారినే.

అందువల్ల నా తీర్పు ఇది: యుద్ధం ఎందుకు పుట్టింది అన్న ప్రశ్నకు రెండో వివరణే మేలు, అది ఎవరి ఇంటిదాకా వచ్చింది, ఎందుకు చల్లారలేదు అన్న ప్రశ్నకు మొదటిది కావాలి. భూమిని గుంటల లెక్కన పంచవచ్చు, కప్పాన్ని తగ్గించవచ్చు. దేవుడికి అవమానం జరిగిందని నమ్మినవాడితో బేరం కుదరదు. రెండింటిలో ఒక్కటే ఎంచుకోమంటే రెండోదే ఎంచుకుంటాను, ఎందుకంటే అది మనిషికి చేయడానికి ఒక పని చూపిస్తుంది.

కొన్నేళ్ల కిందట మా అమ్మమ్మ ఊళ్లో ఇది కళ్లారా చూశాను. మొహర్రం పీర్లను ఉంచే పీర్ల కొట్టం వెనుక రెండు గుంటల జాగా ఉంది. రోడ్డు వెడల్పు చేశాక దాని ధర ఒక్కసారిగా పెరిగింది, ఆనుకుని ఇల్లున్నాయన రాత్రికి రాత్రి ప్రహరీ లేపాడు. వారం తిరిగేసరికి అది పీర్లకు జరిగిన అవమానమని ఒకరు, గుడికి వెళ్లే బాటను ఆక్రమించారని ఇంకొకరు మాట్లాడసాగారు, ఊరికి సంబంధం లేని కుర్రవాళ్లు బైకుల మీద జెండాలతో వచ్చారు. పెద్దమనుషులు మతం మాట ఎత్తకుండా సర్వేయర్‌ను పిలిపించారు. పాత నక్ష బల్ల మీద పరిచి, రెండు పక్షాలవారితోనే గొలుసు పట్టించి కొలిచారు. ప్రహరీ నాలుగడుగులు లోపలికి వచ్చిందని పూటలో తేలింది, ఆయన గోడ తీసేశాడు. జాగా తగాదా అంతటితో ముగిసింది. కానీ ఆ యేడు పీర్ల పండుగకు, తాతల నాటి నుంచి తప్పకుండా పీరుకు దట్టీ, అంటే మొక్కు గుడ్డ, కడుతూ వచ్చిన ఆయన ఇంటి నుంచి దట్టీ రాలేదు, అలావ నిప్పుగుండం చుట్టూ ఆడడానికి ఆ వాడ పిల్లలూ రాలేదు. మలీద ముద్దల ప్రసాదం పట్టుకుని, పీర్లను చూసుకునే ముజావర్ ఆ ఇంటి గడప దాకా వెళ్లి, తలుపు తీయకపోతే అరుగు మీద పెట్టి వచ్చాడు.