జాగ్రత్త: కొట్టు బిల్లును ల్యామినేషన్‌కి ఇస్తే మాడిపోతుంది

చెన్నైలో ఫ్రిజ్, మిక్సీ, ఫోన్, ఇన్వర్టర్ బ్యాటరీ కొంటున్న మనవాళ్ళందరూ ఒకసారి చదవండి. కౌంటర్లో చింపి ఇచ్చే ఆ నున్నటి చుట్ట కాగితం బిల్లు (థర్మల్ కాగితం అంటారు) వారంటీ తీరేదాకా బతకదు. బ్యాటరీకి మూడేళ్ళు, అయిదేళ్ళు వారంటీ అంటారు. నాసిరకం కాగితపు చుట్టయితే ఇక్కడి ఎండకీ ఉక్కకీ ఒక్క వేసవిలోనే తెల్లబడిపోతుంది. సర్వీస్ సెంటర్లో ఆ తెల్ల కాగితం పెడితే ‘డేట్ ఎక్కడ సార్’ అని వెనక్కి తోస్తారు. ఇంతకన్నా ఘోరం, చెరిగిపోకుండా ఉంటుందని జిరాక్స్ షాపులో ల్యామినేషన్ చేయించడం.

ఆ బిల్లులో సిరా ఉండదు. కాగితం మీది పూతలో రంగులేని అద్దకపు పదార్థం (డై) ఒకటి, దానికి రంగు తెప్పించే ఆమ్ల గుణమున్న పదార్థం ఒకటి పక్కపక్కనే ఉంటాయి. ప్రింటర్ హెడ్ వేడి తగిలిన చోట రెండూ కరిగి కలిసి నల్లబడతాయి. మామూలు చుట్టల్లో ఈ పూత 60–70 డిగ్రీల దగ్గరే రంగు మారడం మొదలెడుతుంది. ల్యామినేషన్ మిషన్ రోలర్ల వేడి 100 దాటుతుంది. అందుకే తెల్లగా లోపలికెళ్ళిన బిల్లు అవతలి నుంచి అట్లపెనంలా వస్తుంది. అక్షరమూ నలుపే, కాగితమూ నలుపే. మళ్ళీ తెల్లగా చేసే ఉపాయం లేదు, షాపువాడు డబ్బులు మాత్రం తీసుకుంటాడు. వేడి లేకుండా అంటించే కవరూ వద్దు, దాని జిగురు అక్షరాలను తినేస్తుంది. సెలోటేపూ అంతే. బిల్లు మధ్యలో టేపు అంటించిన చారంత మేర అంకెలు మాయమవడం చాలామంది చూసే ఉంటారు.

మీ దగ్గరున్నది ఆ రకం కాగితమో కాదో తెలియకపోతే, అంచున ఖాళీ చోట గోటితో గట్టిగా ఒక గీత గీయండి. బూడిదరంగు గీత పడితే థర్మల్ కాగితమే. ఆ రాపిడి వేడే చాలు దానికి.

ఇక చెరిపేవి. అన్నిటికన్నా ముందు పీవీసీ కవర్లు. ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి కలిపే నూనెలాంటి పదార్థం మెల్లగా బిల్లులోకి దిగి, కలిసిన అద్దకాన్నీ ఆమ్ల పదార్థాన్నీ మళ్ళీ విడదీస్తుంది, నలుపు పోతుంది. కొత్తగా ఘాటు వాసన వేసే, చేతికి అంటుకున్నట్టుండే పారదర్శక ఫోల్డర్ అనుమానించదగ్గదే. అడుగున త్రికోణంలో 3 ఉంటే పీవీసీ, 5 ఉంటే పాలీప్రొపిలీన్. 5 పరవాలేదు, మామూలు కాగితపు కవరు ఇంకా మేలు. పర్సులో మడిచి పెట్టడం, కొబ్బరినూనె చేతులతో పట్టుకోవడం, శానిటైజర్ ఆరకముందే తాకడం, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం, ఇవన్నీ కూడా దెబ్బే. మన రోహిణి కార్తెకు ముందే ఇక్కడ అగ్ని నక్షత్రం (తమిళులు మండు వేసవి రోజులకు పెట్టిన పేరు) మొదలవుతుంది. ఆ రోజుల్లో అద్దాలు మూసిన కారులో బిల్లు మర్చిపోతే ఇక ఆశ వదులుకోవచ్చు.

కొన్నప్పుడే చేయాల్సింది చెబుతాను, అసలు విషయం ఇక్కడే ఉంది. కొట్టు గడప దాటకముందే ఫోన్‌లో ఫొటో తీయండి, బిల్లు చదునుగా, నీడ పడకుండా. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుంటే ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అది కుదించి చిన్న అంకెలను మసక చేస్తుంది. ఆపైన ‘అణ్ణా, జీఎస్టీ బిల్ పోట్టు కుడుంగ’ (అన్నా, జీఎస్టీ బిల్లు వేసివ్వండి) అని మొహమాటం లేకుండా అడగండి. రిచీ స్ట్రీట్ అయినా టీ నగర్ అయినా అడిగితే పెద్ద కాగితం మీద లేజర్ ప్రింటో, మెయిల్‌కి పీడీఎఫ్‌నో ఇచ్చే కొట్లు ఉన్నాయి. ‘ఎస్టిమేట్’ అని పైన అచ్చయిన చీటీని బిల్లనుకోకండి. దాని మీద సాధారణంగా జీఎస్టీ నంబరు ఉండదు. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. మొండికేస్తే జాతీయ హెల్ప్‌లైన్ 1915.

బిల్లులో వస్తువు సీరియల్ నంబరు ఉందో లేదో చూడండి, ఫోన్ అయితే ఐఎంఈఐ. లేకపోతే రాయించుకోండి. వారంటీ కార్డు మీద తేదీ, కొట్టు ముద్ర, బాల్‌పెన్ సంతకం పడాలి. అది మామూలు అట్ట కాబట్టి ఆ రాత నిలుస్తుంది. బిల్లు వెనకవైపు కూడా తేదీ, బిల్లు నంబరు, మొత్తం రాసుకోండి. సాక్ష్యంగా కాదు, తర్వాత వెతకడానికి.

ఇప్పటికే వెలిసిపోయిందా? హెయిర్ డ్రయ్యర్ వైపు చెయ్యి చాచకండి, ముందు స్కాన్. 600 డీపీఐ, కలర్‌లో. ఫోన్ స్కానర్ యాప్‌లలో ఉండే బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ లేత అక్షరాలను మచ్చలనుకుని తుడిచేస్తుంది, దాన్ని ఆపేయండి. మిగిలిన గీతలు ఎక్కువగా పసుపు, గోధుమ రంగులో ఉంటాయి. అందుకే గింప్ లాంటి, ఫొటోలు దిద్దే ప్రోగ్రాంలో నీలం ఛానెల్ (ఫొటోలోని నీలం రంగు భాగం) ఒక్కటే విడదీసి, లెవెల్స్ అనే వెలుగునీడల సర్దుబాటులో నలుపు వైపు జరిపితే కంటికి కనబడని అంకెలు తేలతాయి. ఫోన్‌లోనే చేయాలంటే కాంట్రాస్ట్ పెంచి, వెలుగు తగ్గించండి. చీకటి గదిలో టార్చ్‌ను కాగితానికి దాదాపు ఆనించి పక్కనుంచి వేసి చూడండి. దొంగనోట్లు చూసే నీలి దీపం కింద కూడా ఒక్కోసారి అక్షరాలు కనబడతాయి.

ఇవేవీ పనిచేయకపోతేనే వేడి. డ్రయ్యర్‌ను తక్కువలో పెట్టి, ఒక జానెడు దూరం నుంచి, పూత లేని వెనకవైపు ఆడించండి. ముందు ఒక మూల మీద చూసుకోండి. అయిదేసి సెకన్లు, మధ్యలో ఆగి చూడాలి. నూనె, చెమటల వల్ల పోయిన రాత తిరిగి రావచ్చు. ఎండకు పోయింది రాకపోవచ్చు, అక్కడ అద్దకమే పాడై ఉంటుంది. కొన్నిసార్లు చుట్టూ బూడిదరంగు కమ్ముకుని అక్షరాలు లేతగా మిగులుతాయి. అప్పుడు వెంటనే ఆపి ఫొటో తీసి, రంగులు తిరగేయండి, చదవొచ్చు. ఇస్త్రీపెట్టె, పెనం, స్టవ్ మంట, వీటి జోలికి పోవద్దు.

ఏదీ రాకపోతే కొట్టుకే వెళ్ళండి. కార్డుతోనో యూపీఐతోనో కట్టి ఉంటే స్టేట్‌మెంట్‌లో తేదీ, మొత్తం, యూపీఐ అయితే 12 అంకెల లావాదేవీ నంబరు దొరుకుతాయి. వాటితో వాళ్ళ బిల్లింగ్ కంప్యూటర్లో వెతికించి డూప్లికేట్ అడగండి. ‘పాత లెక్కలు లేవు’ అంటే నమ్మేయకండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు దాచాలని సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 36వ సెక్షన్ చెబుతోంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళడానికి మాత్రం గొడవ తలెత్తిన రోజు నుంచి రెండేళ్ళే గడువు.

వెలిసిన అంకెల మీద పెన్నుతో మాత్రం దిద్దకండి. మీరు దిద్దింది అసలు అంకే అయినా, కౌంటర్లో వాడికి అది దిద్దిన బిల్లే.