పెచ్చులు లేచిన డెక్కుకు నూనె స్టెయిన్: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని కేరీలో ఈ ఇల్లు 2013లో కొన్నాం. వెనకవైపు 16 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు డెక్కు, అంటే చెక్క పలకలతో కట్టిన అరుగు ఉంది. చూడగానే మా ఆవిడ తులసి కుండీకి చోటు వెతుక్కుంది. చెక్క సంగతి ఇద్దరం పట్టించుకోలేదు. అప్పటికే అది బూడిద రంగుకు తిరిగిపోయింది, చెప్పుల్లేకుండా నడిస్తే పేళ్లు గుచ్చుకునేవి.

ఇక్కడి డెక్కులు ఎక్కువగా సదరన్ ఎల్లో పైన్ చెక్కతో కడతారు. పుచ్చకుండా, పురుగు పట్టకుండా రాగి కలిసిన మందును ఒత్తిడితో లోపలికి ఎక్కిస్తారు. 2003 చివరి దాకా ఇళ్లకు వాడే చెక్కలో ఆర్సెనిక్ కూడా ఉండేది, తర్వాత ఆపేశారు. ‘ప్రెజర్ ట్రీటెడ్’ అన్న మాట వినగానే ఇక ఏమీ చెయ్యక్కర్లేదని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ మందు చెక్కను త్వరగా పుచ్చకుండా చూస్తుంది. వానకు ఉబ్బి, ఎండకు ఎండి, చివరికి పగలడం మాత్రం ఆపలేదు.

2014లో ఒక కాంట్రాక్టరును పిలిచాం. శనివారం మెషిన్‌తో కడిగి, ఆదివారం సాలిడ్ స్టెయిన్ వేసి వెళ్లిపోయాడు. స్టెయిన్ అంటే చెక్కలోకి ఇంకే రంగు. ఇది పేరుకే స్టెయిన్, నిజానికి పైన పొర కట్టే పెయింట్ లాంటిదే. మొదటి ఏడాది డెక్కు పెళ్లిపందిరిలా మెరిసింది. రెండో చలికాలం దాటేసరికి మెట్ల దగ్గర, చూరు నీళ్లు కారేచోట బుడగలు లేచి, పెచ్చులు ఊడటం మొదలైంది. తడి ఆరని చెక్క మీద పొర వేస్తే లోపలి తేమకు బయటికి దారి ఉండదు. పలక చివర్ల నుంచీ పగుళ్ల నుంచీ కొత్త నీళ్లు దిగుతూనే ఉంటాయి. ఎండ తగిలినప్పుడు ఆ తేమే పొరను పైకి నెడుతుంది.

మా నాన్నగారు 2016లో వచ్చినప్పుడు గోటితో ఒక పెచ్చు లేపి చూశారు. రాజమండ్రి ఇంట్లో సింహద్వారానికి ప్రతి సంక్రాంతి ముందూ అవిసె నూనె పట్టించే మనిషి ఆయన. "చెక్కకి చొక్కా తొడిగారు గానీ నూనె తాగించలేదురా" అన్నారు. నూనె స్టెయిన్ గురించి నేను అప్పటిదాకా చదివిందంతా ఆ ఒక్క మాటలో ఉంది.

2017 మేలో పాత పొర తియ్యడం మొదలుపెట్టాను. ఇంత కష్టమని ముందే తెలిస్తే బహుశా మొదలుపెట్టేవాణ్ణి కాదు. సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న స్ట్రిప్పర్ పూసి, ఇరవై నిమిషాలు ఆగి, గట్టి బ్రష్‌తో రుద్ది కడగాలి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. చుట్టూ ఉన్న మొక్కల్ని ముందే బాగా తడపాలి. ఇది అయ్యాక చెక్క నల్లగా, చూస్తే భయం వేసేలా అవుతుంది. అప్పుడు ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న బ్రైటెనర్ కొడితే స్ట్రిప్పర్ క్షారం విరిగిపోతుంది, కాసేపటికే నలుపు తగ్గి చెక్క అసలు రంగు బయటపడుతుంది. ఈ మొత్తం పనిలో నాకు నిజంగా సంతోషమనిపించిన ఘట్టం ఇదొక్కటే. చాలామంది ఈ మెట్టును దాటేస్తారు. దాటెయ్యొద్దు.

ప్రెజర్ వాషర్‌కు నీటిని 40 డిగ్రీల వెడల్పున చిమ్మే నాజిల్ పెట్టి, అడుగు దూరం నుంచి కొట్టాలి. విసుగొచ్చి ఒకచోట దగ్గరగా పెట్టాను, నార జూలులా లేచి గాడి పడింది. ఆ పలక ఇప్పటికీ నన్ను వెక్కిరిస్తూనే ఉంది.

తర్వాత స్క్రూలన్నీ పావు అంగుళం లోపలికి బిగించి, సాండర్‌తో రుద్దాను. పైకి తేలిన స్క్రూ ఒక్కటి తగిలినా ఉప్పుకాగితం చిరిగిపోతుంది. 60 నంబరు కాగితం చాలు. చేతికి నున్నగా తగలాలన్న ఆశతో 120, 150 దాకా వెళ్తే చెక్క రంధ్రాలు మూసుకుపోయి నూనె సరిగా తాగదు. ఆ దుమ్ములో మందు ఉంటుంది కాబట్టి మాస్కు లేకుండా రుద్దకూడదు. నేలకు ఒక వారాంతం పట్టింది. రెయిలింగ్‌లో ఎనభై పైచిలుకు నిలువు పుల్లలు, ఒక్కోదానికి నాలుగు ముఖాలు. వాటికి రెండు వారాంతాలు. ఎవరైనా డెక్కు పనికి రేటు చెప్తే, రెయిలింగ్ కలిపా అని ముందు అడగండి.

వేసింది నూనె ఆధారిత సెమీ ట్రాన్స్‌పరెంట్ స్టెయిన్ (చెక్క గీతలు కనిపించేంత పల్చనిది), సెడార్ రంగు. రంగుకు కాలనీ అసోసియేషన్ అనుమతి తీసుకోవడానికే మూడు వారాలు పట్టింది. రెండు మూడు పలకల్ని మాత్రమే పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు ఆపకుండా వెళ్లాలి. మధ్యలో ఆగితే అతుకు కనిపిస్తుంది. నా తప్పు రెండో కోటులో జరిగింది. ఎక్కువ వేస్తే ఎక్కువ కాలం ఉంటుందనుకుని దట్టంగా పోశాను. చెక్క తాగగలిగినంతే తాగింది, మిగిలింది పైన జిగురైంది. వారం రోజులు చెప్పులు అతుక్కున్నాయి. చివరికి మినరల్ స్పిరిట్స్‌లో ముంచిన గుడ్డతో అంతా తుడవాల్సి వచ్చింది. వేసిన పావుగంటకు ఇంకని నూనెను తుడిచేస్తే ఈ గొడవే ఉండదు.

ఆ తర్వాత 2019, 2021, 2023, 2025ల్లో మళ్లీ వేశాను. ఇన్నేళ్లలో ఒక్క పెచ్చు కూడా లేవలేదు. వెలిసిపోయింది, అంతే. ఈ స్టెయిన్‌కు నేను మంచి మార్కులు వేసేది అందుకే. ఎప్పుడు వెయ్యాలో నీటిచుక్క చెప్తుంది. చుక్క పూసలా నిలబడితే ఇంకా టైముంది, ఇంకిపోతే స్టెయిన్ కొనుక్కోవాలి. సోడియం పెర్‌కార్బొనేట్ పొడి కలిపిన నీళ్లతో కడిగి, రెండు రోజులు ఆరబెట్టి, నేలకు ఒకే కోటు. అంతా ఒక వారాంతంలో అయిపోతుంది. రెయిలింగ్‌కు నాలుగేళ్లకోసారి చాలు, దానిమీద నీళ్లు నిలవవు కదా. మార్చి, ఏప్రిల్ నెలల్లో మాత్రం డబ్బా మూత తియ్యకండి. పైన్ చెట్ల పుప్పొడి ఊరంతా పసుపు చల్లినట్టు రాలుతుంది, తడి నూనె మీద పడితే ఇక వదలదు.

లోపాలూ ఉన్నాయి. ఎండ పడని ఉత్తరపు మూలలో ప్రతి ఏడాదీ నల్లని బూజు వస్తోంది. సహజ నూనెలు బూజుకు మేతే, మా ఊరి ఉక్కపోతలో అది పండగ చేసుకుంటుంది. కోటు కోటుకూ రంగు ముదురుతోంది, మొదటిసారి వచ్చిన తేనె రంగు మళ్లీ రాలేదు. తులసి కుండీ కింద పడిన గుండ్రటి మచ్చ ఆక్సాలిక్ యాసిడ్‌తో పల్చబడింది గానీ పూర్తిగా పోలేదు. ఇప్పుడు కుండీకి కాళ్ల పీట వేశాం. మూడు రోజులపాటు ఇంట్లోకి వాసన వస్తుంది. అమ్మ ఇక్కడున్నప్పుడు వడియాలు డెక్కు మీద పెట్టుకునేది, స్టెయిన్ వేసిన ఏడాది వాటిని ముందువైపు వాకిట్లోకి మార్చాం.

2021లో పుచ్చిన అయిదు పలకలు మార్చాను, అదీ కలప ధరలు ఆకాశంలో ఉన్న నెలలోనే. కొత్త పలకలు పచ్చని ఛాయతో, తడిగా వచ్చాయి. అవి ఆరి, వాటి మీద నీటిచుక్క ఇంకి, స్టెయిన్ వెయ్యడానికి వీలయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ డెక్కు పళ్లు కట్టించుకున్నట్టు కనిపించింది.

పక్కింటివాళ్లు చెక్క తీసేయించి కాంపొజిట్ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలు) వేయించుకున్నారు. స్టెయిన్ గొడవ లేదు, నిజమే. జులై మధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా నిలబడటం మాత్రం మావల్ల కాలేదు. వెయ్యడానికి అడిగిన డబ్బులు విన్నాక, నేను రెండేళ్లకోసారి బ్రష్ పట్టుకోవడానికే ఒప్పుకున్నాను.

మరిచిపోయే విషయం ఒకటుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేస్తే, ఆరేటప్పుడు వాటిలో పుట్టే వేడికే అంటుకోవచ్చు. నేను వాటిని విడదీసి రెయిలింగ్ మీద పరుస్తాను, పూర్తిగా ఆరాకే పారేస్తాను. మా కాలనీ రూల్స్ ప్రకారం డెక్కు మీద బట్టలు ఆరెయ్యకూడదు. ఈ గుడ్డల సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.